ఫ్లెక్సీ కట్టడానికి రెండేళ్ళ ముందు

పోయిన నెల విశాఖలో కంచరపాలెం మెట్టు దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోయాం. ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ. పట్టు ఓణీ, వడ్డాణం, పూలజడ, చుట్టూ మేనమామల ఫొటోలు, పైన వార్డు నాయకుడు నమస్కారం పెడుతూ. మధ్యలో పాప. నవ్వులో ఒక పక్క కోరపన్ను ఊడిన సందు కనిపిస్తోంది. స్కూటర్ మీద నా వెనక కూర్చున్న మా అమ్మ "నాలుగో క్లాసు కూడా దాటినట్టు లేదు గుంట" అంది. బండి కదిలేలోగా కారణం కూడా తేల్చేసింది. "అంతా ఆ బ్రాయిలర్ కోడే."

అదే వారం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా అదే కోడి గురించి ఒక ఫార్వర్డు, కోళ్ళకి హార్మోను సూదులు వేస్తారనీ, అవి తినే ఆడపిల్లలు తొందరగా పెద్దమనుషులవుతున్నారనీ. కింద వరసగా దండాలు. దానికి జవాబు రాద్దామని కూర్చుంటే గ్రూపులో పట్టేంత చిన్నగా రాలేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నా గొడవ కోడితో కాదు. "పెద్దమనిషి అయింది" అనే ఆ ఒక్క రోజు నుంచి మనం లెక్క మొదలుపెడతామే, దానితో. సమర్త, రజస్వల, పుష్పవతి, ఈడేరడం. ఇన్ని మాటలున్నాయి, అన్నీ ఆ రోజువే. ఒంటి లెక్కలో మాత్రం ఆ రోజు దాదాపు చివర్లో వస్తుంది. మొదలు దానికి రెండు, రెండున్నరేళ్ళ ముందు. కనిపెట్టాల్సిందీ, పిల్లకి చెప్పాల్సిందీ, అవసరమైతే ఆపాల్సిందీ అంతా ఆ రెండేళ్ళలోనే ఉంది. ఆ రెండేళ్ళకి మనకి ఒక పేరు కూడా లేదు.

ఇది నాకు ముందే తెలిసిన విషయమేమీ కాదు. మా పెద్దది నేర్పింది.

సెగ్గడ్డ అనుకున్నాం

దానికప్పుడు ఏడేళ్ళ ఎనిమిది నెలలు. స్కూలు ఆటోలో ఎవరి బ్యాగు మూలో గుండెకి తగిలిందని ఏడుస్తూ వచ్చింది. దెబ్బకి మించి ఏడుస్తోంది. స్నానం చేయిస్తూ చూస్తే ఎడమ పక్క రొమ్ముమొన కింద బటాణీ గింజకన్నా కాస్త పెద్దగా, గట్టిగా, ముట్టుకుంటే నొప్పిగా ఏదో ఉంది. కుడిపక్క ఏమీ లేదు. మా అమ్మ సెగ్గడ్డ అని సున్నం, బెల్లం కలిపి పట్టు వేసింది. నేను రాత్రంతా ఫోన్‌లో క్యాన్సర్ గురించి చదివాను. మర్నాడు ఆఫీసులో ఒకావిడ "చిన్న గడ్డే కదా, కోసి తీయించేస్తే పోతుంది" అంది. నాకూ అదే సబబనిపించింది.

మహారాణిపేటలో ఒక పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చేత్తో చూసి, మా మొహాలు చూసి, ముందు ఒక్కటే చెప్పారు. "దీని మీద కత్తి పెట్టనివ్వకండమ్మా. ఆ గింజే రేపటి రొమ్ము. అది తీసేస్తే ఆ పక్క ఇంకెప్పటికీ రాదు." ఒక పక్క ముందు మొదలై, రెండో పక్కకి కొన్ని నెలలు పట్టడం మామూలే అన్నారు. గడ్డ అనుకుని కోయించేసి, ఏళ్ళ తర్వాత పిల్ల పెద్దయ్యాక తెలుసుకున్నవాళ్ళు ఉన్నారట. ఆ మాట విన్నాక సున్నం, బెల్లం మీద నాకున్న కోపం పోయింది. దానివల్ల కనీసం ఏమీ పోలేదు.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. "పోయిన ఏడాదిలో పాప ఎంత ఎత్తు పెరిగింది?"

లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పగలను. ఎత్తు చెప్పలేను. గుమ్మం మీద గీసిన పెన్సిలు గీతలు సంక్రాంతికి వేయించిన రంగు కింద పోయాయి. స్కూలు ప్రోగ్రెస్ కార్డులో ఎత్తు, బరువు గడులున్నాయి కదా అని ఇంటికొచ్చి తీస్తే, ఒకటో తరగతిలో 112, రెండో తరగతిలోనూ 112. ఎవరో ముందటేడు అంకెనే దించేశారు. చివరికి నాకు దొరికిన ఆధారం యూనిఫాం గౌను. మా టైలరు పూర్ణా మార్కెట్ దగ్గరుంటాడు, అంచు లోపల మూడు మడతలు వదిలిపెడతాడు, మూడేళ్ళు రావాలని. ఒక్క ఏడాదిలో రెండు మడతలు విప్పించాను. డాక్టరు గారు నవ్వారు కానీ, కాగితం మీద రాసుకున్నారు.

ఆ ప్రశ్న ఎందుకడిగారో మెల్లగా అర్థమైంది. ఈడు మొదలవకముందు పిల్లలు ఏడాదికి అయిదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఆడపిల్లకి రొమ్ము మొగ్గ తొడగడంతోనే ఆ వేగం కూడా పెరుగుతుంది. బాగా పెరిగే ఏడాదిలో ఎనిమిది సెంటీమీటర్ల దాకా పోతుంది. నెలసరి వచ్చేసరికి ఆ జోరు అయిపోతుంది. ఆ తర్వాత మిగిలేది మహా అయితే అయిదారు, ఏడు సెంటీమీటర్లు. ఫంక్షన్ అయ్యాక "ఇక పొడుగవ్వాలి" అని డబ్బాల్లో పొడులు కొనడం మొదలుపెడతామే, అప్పటికి బస్సు కాంప్లెక్స్ దాటి వెళ్ళిపోయి ఉంటుంది.

ఎనిమిది అనే గీత

డాక్టర్ల లెక్క ఇది. ఆడపిల్లలకి 8 నుంచి 13 లోపు, మగపిల్లలకి 9 నుంచి 14 లోపు ఎప్పుడు మొదలైనా మామూలే. ఆడపిల్లకి ఎనిమిది నిండకముందు, మగపిల్లాడికి తొమ్మిది నిండకముందు మొదలైతే చూపించాలి. పదమూడు దాటినా రొమ్ము జాడ లేని అమ్మాయినీ, పద్నాలుగు దాటినా ఏ మార్పూ లేని అబ్బాయినీ అలాగే చూపించాలి. ఆలస్యం సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను, అది వేరే కథ.

మాది ఎనిమిదికి నాలుగు నెలలు ఇవతల. నాలుగు నెలలకి ఇంత టెన్షన్ అవసరమా అని, ఆ గీత ఎవరు గీశారో వెతికాను. చాలావరకు 1969లో ఇంగ్లండ్‌లో మార్షల్, టానర్ అనే ఇద్దరు రాసిన దానినుంచి మొదలైంది. ఒక అనాథ శరణాలయంలాంటి చోట పెరుగుతున్న 192 మంది ఆడపిల్లల్ని ఏళ్ళ తరబడి చూసి, ఈడు వచ్చే క్రమాన్ని దశలుగా విడదీశారు. మరుసటి ఏడాది 228 మంది అబ్బాయిల గురించి రాశారు. ఇప్పటికీ మన డాక్టర్లు చీటీ మీద "టానర్ 2" అని రాస్తే ఆ దశల్లో రెండోదని, అంటే ఈడు మొదలైందని. ఆ పిల్లలకీ మా అక్కయ్యపాలెం పిల్లలకీ ఏమిటి సంబంధం?

1997లో అమెరికాలో పదిహేడు వేలకి పైగా ఆడపిల్లల్ని చూసినప్పుడు, అనుకున్నదానికన్నా ముందే మొదలవుతున్నట్టు తేలింది. దాంతో రెండేళ్ళకే కొందరు నిపుణులు గీతని తెల్లపిల్లలకి ఏడుకీ, నల్లపిల్లలకి ఆరుకీ దించేద్దామన్నారు. మరికొందరు ఒప్పుకోలేదు. గీత దించితే నిజంగా జబ్బున్న పిల్లలు కూడా "మామూలే" అనే గంపలో పడిపోతారని వాళ్ళ భయం. నేనూ ఆ రెండో పక్షమే. గీత ఉన్నది పిల్లకి రోగి అని ముద్ర వెయ్యడానికి కాదు, ఒకసారి ఆగి చూడమని చెప్పడానికి.

నా వాదానికి అన్నిటికన్నా బలం ఇచ్చింది డెన్మార్క్. కోపెన్‌హేగన్‌లో 1991కీ 2006కీ మధ్య ఆడపిల్లల్లో రొమ్ము మొదలయ్యే సగటు వయసు దాదాపు 10.9 నుంచి 9.9కి పడిపోయింది, అంటే ఇంచుమించు ఏడాది. నెలసరి వయసు మాత్రం మూడు నాలుగు నెలలే తగ్గింది. మొదలు ముందుకి జరిగింది, ఫ్లెక్సీ రోజు అంతగా జరగలేదు. మధ్యలో ఆ పేరులేని కాలమే సాగింది. మనం చూడనిదీ అదే.

కోడి మీద కేసు

మా అమ్మ వాదన తీసిపారేయదగ్గది కాదు, సగం నిజం ఉంది. 1991లో స్వీడన్‌లో ఒక లెక్క వచ్చింది. మన దేశం నుంచి అక్కడివాళ్ళు దత్తత తీసుకున్న ఆడపిల్లల్లో సగంమందికి 11.6 ఏళ్ళకల్లా నెలసరి వచ్చేసింది. ఇక్కడి పిల్లలకన్నా, అక్కడి పిల్లలకన్నా కూడా ముందు. చిన్నప్పుడు అరకొర తిండి, తర్వాత ఒక్కసారి పుష్కలంగా తిండి. ఒంట్లో కొవ్వు పెరిగితే ఆ సంగతి మెదడుకి చెప్పే లెప్టిన్ అనే హార్మోను ఉంది. తెలిసిన కారణాల్లో గట్టిగా నిలిచింది పిల్లల ఊబకాయమే. కాబట్టి తిండికి సంబంధం ఉంది. కోడిలో హార్మోనుకి లేదు.

కోడి నలభై రోజుల్లో ఎదగడానికి కారణం జాతి ఎంపిక, దాణా. వేలకొద్దీ కోళ్ళకి ఒక్కోదాన్ని పట్టుకుని సూది వెయ్యడం ఏ రైతుకీ గిట్టుబాటు కాదు. పాల విషయంలో వచ్చే "ఇంజెక్షన్ పాలు" గొడవ వేరు. గేదెలకి ఆక్సిటోసిన్ పొడవడం నిజంగానే జరిగే అన్యాయం. 2018లో కేంద్రం ప్రైవేటు కంపెనీలు ఆ మందు తయారు చెయ్యకుండా ఆపాలని చూసింది, అదే ఏడాది చివర్లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. కానీ అది పాలు చేపించే హార్మోను, ఈడు తెచ్చేది కాదు. పైగా నోట్లోంచి వెళితే పప్పులో మాంసకృత్తులు అరిగినట్టు కడుపులో అరిగిపోతుంది. ప్లాస్టిక్ రసాయనాల గురించి మాత్రం నేను అంత ధీమాగా మాట్లాడను. అనుమానాలున్నాయి, పరిశోధనలు ఒక్క మాట మీద లేవు. మా ఇంట్లో వేడి కూరలు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టడం మానేశాను, అంతే.

2020 లాక్‌డౌన్‌లో ఇటలీలోనూ, మన పుణేలోనూ ఇలా ముందే మొదలైన ఆడపిల్లలు ఎక్కువగా వస్తున్నారని డాక్టర్లు గమనించారు. ఆ కొద్ది నెలల్లో కోడి మారలేదు, పిల్లలు ఇంట్లో కదలకుండా కూర్చున్నారు. ఇదే మా అమ్మతో అంటే, "కూర్చుని ఏం తిన్నారటా? కోడే కదా" అంది.

నవ్వొచ్చింది కానీ, కోడిని నిందించడంలో ఒక నష్టం ఉంది. మా బ్లాకులో ఒక తొమ్మిదేళ్ళ పాపకి గుడ్డు, పాలు మాన్పించేశారు. నువ్వులు, బొప్పాయి సరేసరి. పాప ఒళ్ళు పాలిపోయి ఉంటుంది. "ఇంకో రెండేళ్ళు ఆగితే చాలు ఆంటీ, తర్వాత అన్నీ పెడతాం" అంది వాళ్ళమ్మ. తర్వాత నిజంగానే పెడతారు. ఏ నువ్వులైతే ముట్టనివ్వరో అవే బెల్లంతో దంచి, చిమ్మిలి ఉండలు నోట్లో కుక్కుతారు.

మరి ఈ తాళం ఎవరు తీస్తారు? మెదడు అడుగున హైపోథలమస్ నుంచి గంటకో గంటన్నరకో ఒకసారి ఒక చిన్న సంకేతం బయల్దేరడంతో ఇదంతా మొదలవుతుంది. పుట్టిన కొత్తలో కొన్ని నెలలు అదే వ్యవస్థ ఓసారి మేలుకుని మళ్ళీ నిద్రపోతుంది. (పురిటి బిడ్డల రొమ్ములు ఉబ్బితే పాలు పిండే అలవాటు మన దగ్గర ఇంకా ఉంది. అది చాలావరకు తల్లి హార్మోన్ల వల్ల వచ్చేది, దానంతట అదే పోతుంది. పిండితే చీము పట్టే ప్రమాదం ఉంది.) నిద్రపోయిన ఆ వ్యవస్థని మళ్ళీ లేపే వాటిలో కిస్పెప్టిన్ అనే పదార్థం ఒకటి. 1996లో అమెరికాలో హెర్షీ అనే ఊళ్ళో దాని జన్యువు దొరికితే, ఆ ఊళ్ళో తయారయ్యే కిసెస్ చాక్లెట్ల పేరే దానికి పెట్టారు. ఈడు రావడంలో దానికి పాత్ర ఉందని తెలియడానికి 2003 దాకా పట్టింది.

మగపిల్లాడైతే మురిసిపోతాం

మా ఆఫీసులో నాకంటే చిన్నావిడ, అక్కా అక్కా అని తిరుగుతుంది. వాళ్ళబ్బాయి ఎనిమిదేళ్ళకే క్లాసులో అందరికన్నా తల ఎత్తు ఎక్కువ. మొహం మీద మొటిమలు, చంకల్లో పెద్దవాళ్ళ చెమట వాసన, పై పెదవి మీద నల్లటి నీడ. బీచ్ రోడ్డులో కోచింగుకి తీసుకెళితే "ఫాస్ట్ బౌలర్ అవుతాడు" అన్నారు. వాళ్ళ మామగారు "మా నాన్న పోలిక" అని మీసం దువ్వుకున్నారు. ఆడపిల్లయితే ఈపాటికి ఇల్లంతా గుసగుసలు. మగపిల్లాడు కదా, ఊరంతా చెప్పుకున్నారు.

నిజానికి భయపడాల్సింది అక్కడ. ఆడపిల్లల్లో ముందే మొదలైతే, ఎక్కువమందిలో వెతికినా ఏ జబ్బూ దొరకదు. మగపిల్లల్లో అలా కాదు, వెనక ఏదో కారణం ఉండే అవకాశం చాలా ఎక్కువ. మా పాప అనుభవంతో నేనే పోరి పంపించాను. డాక్టరు బల్ల సొరుగులోంచి ఒక పూసల దండ తీశారట. పన్నెండు పూసలు, 1 మిల్లీలీటరు నుంచి 25 దాకా, వృషణాల సైజు పోల్చి చూడ్డానికి. నాలుగో అంకె పూసతో సమానమైతే ఈడు మొదలైనట్టు. ఈ పిల్లాడివి రెండు దగ్గరే ఉన్నాయి. అంటే మిగతా హంగామా అంతా మెదడు నుంచి మొదలైంది కాదు, హార్మోను ఇంకెక్కడి నుంచో వస్తోంది. రక్తపరీక్షలో తేలింది. మూత్రపిండాల మీద ఉండే ఎడ్రినల్ గ్రంథుల్లో పుట్టుకతో ఉన్న లోపం. ఎముకల వయసు, అంటే ఎముకలు ఎదిగిన తీరుని బట్టి లెక్కగట్టేది, పన్నెండు దాటింది. అప్పటికి క్లాసులో అందరికన్నా పొడుగు, అలాగే వదిలేస్తే ఎముకలు ముందే అతుక్కుపోయి పెద్దయ్యాక అందరికన్నా పొట్టి. ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటున్నాడు. "పొడుగని మురిసిపోయాం అక్కా" అంది ఆ అమ్మాయి, ఫోన్‌లో చాలాసేపు ఏమీ మాట్లాడకుండా ఉండి.

సూది ఎవరి కోసం

మా పాపకి ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీశారు. 1930ల్లో అమెరికాలో క్లీవ్‌లాండ్ పిల్లల చేతులకి తీసిన ఎక్స్‌రేలతో చేసిన పుస్తకం ఒకటుంది, దానితో పోల్చి "ఎముకల వయసు ఎనిమిదేళ్ళ పది నెలలు" అన్నారు. ఏడాది పైచిలుకు ముందుంది. రక్తపరీక్ష అటూ ఇటూ కాకుండా వచ్చింది. డాక్టరు "నాలుగు నెలల తర్వాత రండి, మళ్ళీ ఎత్తు చూద్దాం" అన్నారు. నాకు నచ్చలేదు. ఈడుని ఆపే సూది ఉందని తెలుసు, అది వేసెయ్యకుండా ఈ ఆగడం ఏమిటి?

ఆ సూది పనిచేసే తీరు తమాషాగా ఉంటుంది. ఈడు తెచ్చే సంకేతం లాంటి మందే ఒంట్లోకి ఎక్కిస్తారు. సంకేతం ఆగి ఆగి వస్తేనే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి స్పందిస్తుంది, ఆగకుండా వస్తే మూగబోతుంది. గేటు దగ్గర అదేపనిగా హారన్ కొడుతుంటే మా వాచ్‌మన్ లేవడం మానేసినట్టు. నెలకోసారి, లేదా మూడు నెలలకోసారి వేస్తారు. ఆపేస్తే సాధారణంగా ఏడాది, ఏడాదిన్నరలో నెలసరి వస్తుంది. ఖర్చు ఒక్కోదానికి వేలల్లో. ఆరేళ్ళలోపు మొదలైన పిల్లలకి ఎత్తు విషయంలో చాలా మేలు చేస్తుంది. ఎనిమిది దాటాక మొదలుపెడితే ఎత్తు పెద్దగా కలవదు. మధ్యలో ఉన్నవాళ్ళది అటూ ఇటూ తేలని వ్యవహారం. మా పాపది అక్కడే.

ఆ నాలుగు నెలల్లో నన్ను నేను ఒక ప్రశ్న అడగాల్సి వచ్చింది. ఎత్తు కోసమా, లేక నాలుగో తరగతిలో నెలసరి వస్తే నేను ఎవరికి ఏం చెప్పుకోవాలన్న సిగ్గు కోసమా? నిజం చెప్పాలంటే రెండోదే ఎక్కువ. మా ఆయన "డాక్టరే ఆగమంటుంటే నీకెందుకు తొందర" అనేవారు. ఆయనకి తెలియనిది, స్కూల్లో టీచరు అప్పటికే "నువ్వు పెద్దపిల్లవి, నీకిది తెలియదా" అని దాన్ని విడిగా తిట్టడం మొదలుపెట్టింది. ఒంటికి పదేళ్ళున్నా లోపల ఉన్నది ఏడేళ్ళ పిల్లే. ఒకరోజు రాత్రి గుమ్మం దగ్గర నిలబడి "అమ్మా, నేనింక నాన్న పక్కన పడుకోకూడదా?" అని అడిగింది. అమ్మమ్మ చెప్పిందట. దానికి ఏమవుతోందో అందరం గుసగుసలాడాం, దానికి తప్ప అందరికీ చెప్పాం. ఆ రాత్రే కూర్చోబెట్టి చెప్పాను. రొమ్ము ఎందుకొస్తుందో, రక్తం ఎందుకొస్తుందో, ఎవరు ఎక్కడ ముట్టుకోకూడదో. పది నిమిషాల్లో అయిపోయింది. "అయితే నాన్న పక్కన పడుకోవచ్చు" అని వెళ్ళిపోయింది.

నాలుగు నెలలకి రెండు సెంటీమీటర్లు పెరిగింది. ఇంకో నాలుగు నెలలకి అలాగే రెండు. మెల్లగా నడిచే రకం అన్నారు, సూది అక్కర్లేదన్నారు. పదకొండున్నరకి నెలసరి వచ్చింది. ఇప్పుడు నాకంటే ఒక్క సెంటీమీటరు తక్కువ.

దీన్నిబట్టి ఎవరూ సూది వేయించుకోవద్దని నేను అనడం లేదు. అయిదేళ్ళ పాపకి మొదలైతే, మగపిల్లాడికి తొమ్మిదిలోపు వస్తే, తలనొప్పి, చూపు మసకలతో వస్తే, కొద్ది నెలల్లోనే గబగబా దశలు మారిపోతుంటే, ఆగడం ప్రమాదం. అలాంటి పిల్లలకి మెదడు స్కాన్ కూడా తియ్యాలి. ఆగాలో పరిగెత్తాలో చెప్పేది ఆ రెండేళ్ళ మీద మన దగ్గరున్న లెక్కే. లెక్క లేకపోతే డాక్టరు మాత్రం ఏం చేస్తారు, గౌను మడతలు చూడాల్సిందే.

బడి సంగతి కూడా ఒక మాట. మన రాష్ట్రంలో 2021లో వచ్చిన స్వేచ్ఛ పథకం కింద ప్రభుత్వ బడుల్లో ఏడో తరగతి నుంచి నెలకి పది ప్యాడ్లు ఇవ్వాలన్నారు. మంచి పని. కానీ ఏడో తరగతి అంటే పన్నెండేళ్ళు. అయిదులో, ఆరులో వచ్చినవాళ్ళ మాటేమిటి? ప్యాడ్ సంగతి తర్వాత, ఆ మాటయినా మూడో తరగతిలో ఎవరైనా చెప్పాలి.

మా చిన్నదానికిప్పుడు ఏడేళ్ళు. ఈసారి గీతలు బీరువా తలుపు లోపలి వైపు గీస్తున్నాను, అక్కడ పెయింటర్ చెయ్యి పడదు. మొన్న ఉగాదికి మా అమ్మే స్కేలు పట్టుకుంది. కళ్ళజోడు సవరించుకుని పాత గీతకీ కొత్త గీతకీ మధ్య రెండుసార్లు కొలిచింది. "ఆర్నెల్లకి మూడు సెంటీమీటర్లేనా?" అని నా వైపు తిరిగి, "ఈ గుంటకి రోజూ ఒక గుడ్డు పెట్టవే" అంది.